సాంబ మసూరికి క్రొత్త బలము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురము కలదు. ఒకప్పుడు రాతిగుట్టలును తుప్పలును మెండుగా నుండిన ఆ చోట 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. నాటినుండి ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ అను పేరు స్థిరపడినది. గచ్చిబౌలి, కొండాపురము, నానక్‌రామ్‌గూడ మున్నగు పల్లెలన్నియు ఒకదాని వెంట నొకటి అద్దాల మేడలతో నిండి సైబరాబాదు అయినవి. ఆ మేడలలో వేలకొలది యువతీయువకులు ఉదయము మొదలు కంప్యూటరుల ముందు కూర్చుండి సంకేతములు వ్రాయుదురు, చదువుదురు, తప్పులు దిద్దుదురు. మధ్యాహ్నమైనచో వారికిని ఆకలి వేయును గదా! భోజనశాలలో వారి పళ్ళెములలో పడు అన్నము తెల్లగా, సన్నముగా, మెతుకునకు మెతుకు అంటకుండ ఉండును. ఆ బియ్యము తరచుగా సాంబ మసూరియో, దాని చుట్టమో అయి ఉండును.

గచ్చిబౌలి నుండి బాహ్య వలయ రహదారి వెంట దక్షిణముగా పోయి రాజేంద్రనగరము చేరినచో మేడలకు బదులు వరిమళ్లు కనబడును. అచ్చట భారతీయ వరి పరిశోధన సంస్థ కలదు. 1965లో అఖిల భారత వరి అభివృద్ధి పథకమునకు కేంద్రముగా ఈ చోటు ఏర్పడినది. ఇచ్చటి వారును సంకేతములు చదువువారే. అయితే ఆ సంకేతములు ఏ మానవుడును వ్రాసినవి కావు. అవి వరిమొక్క యొక్క ప్రతి కణమునందును ఉన్నవి. వానిని చదువ నేర్చిన పిమ్మట మనము ఇష్టపడి తినెడి ఒక వంగడమునకు ప్రాణభయము తప్పిన విధమును ఈ పాఠమున తెలిసికొందము.

సాంబ మసూరిని రైతులు బి.పి.టి. అని పిలుతురు. దాని పూర్తి సంఖ్య బి.పి.టి. 5204. గుంటూరు సీమయందలి బాపట్ల పరిశోధన క్షేత్రమున పుట్టి, 1986లో విడుదలైనది. దాని వంశవృక్షము చూచినచో ఆశ్చర్యము కలుగును. కోయంబత్తూరున వెలసిన జి.ఇ.బి. 24 అను సన్నరకము ఒక పూర్వికుడు. దానికే కిచిలి సాంబ అని పేరు. పొట్టిదనము నిచ్చిన తైచుంగ్ నేటివ్ 1 తైవాను దేశపుది. మసూరి మలయా దేశము నుండి వచ్చినది. ఇట్లు మూడు నేలల గుణములు కూడి మన బాపట్లలో ఒక తెలుగు వంగడమైనవి. రుచి కలది, దిగుబడి కలది, అంగడిలో ధర కలది. ఈ మూడును ఒకచోట చేరుట అరుదు.

కాని ఈ సుకుమారికి రోగములెక్కువ. వానిలో ముఖ్యమైనది బాక్టీరియా ఎండాకు తెగులు. జాంతోమోనాస్ ఒరైజే అను కంటికి కానరాని సూక్ష్మజీవి దీనికి కారణము. ఆకు అంచుల యందుండు సన్నని రంధ్రముల గుండగాని, గాలివానకు ఆకులు ఒరసికొని చీలిన గాయముల గుండగాని అది లోపలికి ప్రవేశించును. అచ్చట నీరు ప్రవహించు నాళములలో కోట్లుగా పెరిగి దారి మూసివేయును. ఆకు కొన నుండి అంచుల వెంట అలలు అలలుగా పసుపుచార దిగును. పిదప ఆ భాగము గడ్డివలె ఎండును. వేకువను చూచినచో ఆకుపై పాలవంటి చిన్న చిన్న బిందువులు కనబడును. అవి ఎండి పసుపు పూసలగును. ఆ పూస ఒక్కొక్కటి సూక్ష్మజీవుల మూట. వానచినుకు దానిని ప్రక్క మొక్కకు చేర్చును. మడినుండి మడికి పారు నీరు ప్రక్క పొలమునకు చేర్చును. యూరియా ఎక్కువ వేసిన పొలమున తెగులు మరింత ఉధృతమగును. పంట బాగుగా రావలెనని చేసిన పనియే చేటు తెచ్చుట ఎంత విచిత్రము!

ఆకు ఎండిన మొక్క ఆహారమును సిద్ధపరుపలేదు. వెన్ను వేసినను గింజ పాలు పోసికొనదు, తాలు మిగులును. పురుగునకు మందు కలదు గాని ఈ తెగులునకు గట్టి మందు లేదు. రైతు అప్పు తెచ్చి ఏవేవో చల్లును, ఆకు ఎండుచునే యుండును.

అట్లయినచో సాంబ మసూరిని మాని, తెగులును ఓర్చుకొను వేరొక వంగడమును వేయరాదా అని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. తెగులునకు లొంగని వరులు లేకపోలేదు. కాని వాని గింజ వేరు, అన్నము వేరు. వర్తకుడు ధాన్యమును అరచేత పోసికొని చూచి, ఇది బి.పి.టి. కాదు అన్నచో ధర తగ్గును. ఇల్లాలు అన్నము వార్చి, ఇది ముద్దయగుచున్నది అన్నచో మరునాడు ఆ బియ్యము ఇంటికి రాదు. కావున శాస్త్రజ్ఞుల యెదుట నిలిచిన పని క్రొత్త వరిని పుట్టించుట కాదు. ఒక్క గుణమును చేర్చవలెను. తక్కిన ఏ గుణమును చెడరాదు. చేర్చుట కంటె చెడకుండ చూచుట కష్టము. ఈ సంగతి మీరు మరువకుండిన తక్కిన కథయంతయు సులభముగా తెలియును.

పూర్వపు పద్ధతి సంకరము. తెగులును ఓర్చుకొను దాతమొక్క పుప్పొడిని సాంబ మసూరి పువ్వుపై చల్లుదురు. పుట్టిన బిడ్డలో సగము తల్లి, సగము తండ్రి. తెగులు బలముతో పాటు దాత యొక్క లావుగింజయు, ఇతర గుణములును వచ్చును. కావున ఆ బిడ్డను మరల సాంబ మసూరితో కలుపుదురు. అప్పుడు సాంబ పాలు సగటున నాలుగింట మూడు. ఇంకొకమారు కలిపినచో ఎనిమిదింట ఏడు. మూడవమారు పదునారింట పదునైదు. నాలుగవమారు ముప్పదిరెండింట ముప్పదియొకటి. లెక్క చక్కగానే యున్నది. చిక్కు ఎచ్చటనన, ప్రతి తరమునను పుట్టిన వందలాది మొక్కలలో తెగులు బలము దేనికి వచ్చినదో, దేనికి రాలేదో కనుగొనవలెను. బలము రాని మొక్కను పొరపాటున ఎన్నుకొన్నచో అప్పటివరకు చేసిన శ్రమ వృథా.

ఈ కనుగొనుటయే గడ్డుపని. ప్రతి జన్యువును మొక్కలో రెండేసి ప్రతులుగా ఉండును. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. కొన్ని జన్యువులు ఒక్క ప్రతి యున్నను తమ గుణమును చూపును. అవి బహిర్గతములు. కొన్ని, రెండు ప్రతులును తామే అయిననే గాని బయటపడవు. అవి అంతర్గతములు. ఎండాకు తెగులును ఎదిరించు జన్యువులలో ఎక్స్ఏ 21 అనునది బహిర్గతము. ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 అనునవి అంతర్గతములు. సాంబ మసూరితో కలిపినప్పుడెల్ల ఈ రెండును దాగుకొనును. పైగా ఎక్స్ఏ 21 ఉన్న మొక్క ఎట్లును తెగులునకు లొంగదు గనుక, దాని చాటున తక్కిన రెండును ఉన్నవో లేవో మొక్కను చూచి చెప్పుట అసాధ్యము.

ఒక్క జన్యువుతో సరిపెట్టుకొనరాదా? రాదు. సూక్ష్మజీవియు మారుచుండును. ఒక తాళమునకు అది మారుచెవి చేసికొనవచ్చును. మూడు తాళములకును ఒకేమారు మారుచెవులు చేసికొనుట కష్టము. అందుచేత మూడింటిని ఒకచోట చేర్పవలసి వచ్చినది.

ఇచ్చటనే జీవసాంకేతిక శాస్త్రము తోడ్పడినది. కణకేంద్రకమున డి.ఎన్.ఏ. అను పొడవైన దారము కలదు. దానిపై ఏ, టి, జి, సి అను నాలుగే అక్షరములు మారి మారి వచ్చుచుండును. మనకు ఏబదియారు అక్షరములున్నను వ్యాసము వ్రాయలేక పెన్సిలు కొరుకుచున్నాము. ప్రకృతి నాలుగింటితోనే సృష్టియంతయు వ్రాసినది! వరి యొక్క పన్నెండు క్రోమోజోములలో కలిసి ఇట్టి అక్షరములు సుమారు ముప్పదితొమ్మిది కోట్లు. పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి వానిని వరుసగా చదివి 2005లో ప్రకటించిరి. అంత పెద్ద గ్రంథమును కన్నులతో చదువుట కాని పని. కంప్యూటరులే దానిని కూర్చినవి. పదునొకండవ క్రోమోజోములో కొంత భాగము చదువు పని భారతదేశపు వంతునకు వచ్చినది. మనము చెప్పుకొన్న ఎక్స్ఏ 21 నివాసము ఆ క్రోమోజోమే.

అక్షరముల వరుస తెలిసినచో జన్యువునకు అంటియున్న చోటను ఒక గుర్తు ఏర్పరుచుకొనవచ్చును. మీరు పుస్తకమున నెమలియీక పెట్టుకొందురు గదా! ఈక యున్నచోట మీకు కావలసిన పుట యున్నట్లే, గుర్తు ఉన్న మొక్కలో ఆ జన్యువు ఉన్నట్లు. నారు చిన్నదిగా నున్నప్పుడే గోరంత ఆకుముక్క త్రుంచి, నూరి, డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. గుర్తున్న తునకను మాత్రము ఒక యంత్రమున లక్షల ప్రతులుగా పెంచుదురు. దానిని మెత్తని జెల్ పలకలో పోసి విద్యుత్తు ప్రవహింపజేసిన, చిన్న తునకలు ముందునకును పెద్ద తునకలు వెనుకకును ఉండి చారలుగా కనబడును. ఆ చారలు చూచి, ఈ మొక్కలో మూడు జన్యువులును ఉన్నవి, దానిలో రెండే యున్నవి అని చెప్పవచ్చును. తెగులు సోకించి చూడనక్కరలేదు. మొక్క ఈనువరకు వేచియుండనక్కరలేదు. అంతర్గత జన్యువు దాగుకొన్నను చారకు చిక్కును.

ఈ గుర్తులు మరియొక మేలు కూడ చేసినవి. దాతనుండి వచ్చిన అక్కరలేని భాగములు ఏ మొక్కలో తక్కువగా ఉన్నవో కూడ అవి తెలిపినవి. ముప్పదిరెండింట ముప్పదియొకటి అనునది సగటు లెక్క మాత్రమే. తోబుట్టువులందరు ఒకే పోలికగా ఉండరు గదా! వారిలో సాంబ మసూరిని ఎక్కువ పోలినదానిని ఏరి తీసికొని ముందునకు సాగిరి.

ఈ పని రాజేంద్రనగరమునందలి వరి పరిశోధన సంస్థయు, నగరమునకు తూర్పున హబ్సిగూడ చెంతనున్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును కలిసి చేసినవి. ఈ కేంద్రమును సి.సి.ఎం.బి. అని వ్యవహరింతురు. వరి సంస్థ పక్షమున ఆర్. ఎం. సుందరము, సి.సి.ఎం.బి. పక్షమున రమేశ్ సొంటి ఈ కృషిలో ముఖ్యులు. ఒకరికి పొలము తెలియును, ఒకరికి సూక్ష్మజీవి తెలియును. ఇట్టి పొత్తు మన సంస్థల నడుమ ఇంకను తరచుగా జరుగవలసి యున్నది.

దాతమొక్క పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమున పెంపొందినది. అయినను ఎక్స్ఏ 21 పుట్టినిల్లు పంజాబు కాదు. ఆఫ్రికా ఖండమున మాలి దేశపు అడవివరి దాని మొదటి చోటు. అది గడ్డివంటి మొక్క. ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో మన దేశీయుడైన గురుదేవ్ సింగ్ ఖుష్ మున్నగువారు దాని తెగులు బలమును సాగువరిలోనికి తెచ్చి 1990లో ప్రకటించిరి. 1995లో అమెరికాలోని పమేలా రోనాల్డు బృందము ఆ జన్యువును వేరుపరచి దాని అక్షరములను చదివినది. పనికిరాని కలుపు అని ఆ అడవివరిని నాడు ఎవరైనను తగులబెట్టియున్న, బాపట్ల వరికి ఈ కవచము దొరకకపోవును. హైటెక్ సిటీకి వాయవ్యమున పటాన్‌చెరువు వద్దనున్న ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మున్నగు పంటల విత్తనములు లక్షా ఇరువది వేలకు పైగా రకములు చల్లని గదులలో భద్రపరుపబడి యున్నవి. వానిని చూచి, ఇన్ని రకములు ఎందులకు అని అడుగువారికి మాలి దేశపు వరిని ఒక్కదానిని చూపినచో చాలును.

నాలుగుమార్లు వెనుకకు కలిపి, ఆ పిమ్మట తనలో తాను ఫలింపజేసి, మూడు జన్యువులును రెండేసి ప్రతులుగా స్థిరపడిన మొక్కలను ఎన్నుకొనిరి. చారలు చూచిన మాత్రమున రైతునకు విత్తనము ఈయరాదు. పొలమున పరీక్ష కావలెను. దాని విధము ఇట్టిది. కత్తెరను సూక్ష్మజీవులు కలిపిన నీటిలో ముంచి, పెరిగిన మొక్కల ఆకు కొనలను కత్తిరింతురు. పదునైదు దినములు ఆగి, ఆకు ఎంత పొడవున ఎండినదో కొలబద్దతో కొలుతురు. పాత సాంబ మసూరి ఆకు కొననుండి చాల దూరము ఎండును. క్రొత్తదాని ఆకు కత్తిరించిన చోట కొద్దిగా ఎండి ఆగిపోవును. ఎంత పెద్ద యంత్రములున్నను చివరకు తీర్పు చెప్పునది కత్తెరయు కొలబద్దయు! అటుపిమ్మట దేశమున పలుచోట్ల సాగుచేసి, దిగుబడి చూచి, గింజ కొలిచి, అన్నము వండి తిని, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి అను పేర విడుదల చేసిరి.

ఇది జన్యుమార్పిడి పంట అని కొందరు పొరపడుదురు. కాదు. దీనిలోని ప్రతి జన్యువును వరి జాతిదే. పుప్పొడి ద్వారా వచ్చినదే. శాస్త్రము చేసిన సాయము ఏరుకొనుటలో మాత్రమే. జన్యుమార్పిడి పంటలో వేరొక జీవి యొక్క జన్యువు నేరుగా చేర్పబడును. మనదేశమున 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి అట్టిది, దానిలో మట్టియందుండు ఒక సూక్ష్మజీవి జన్యువు కలదు. అది మొదట కాయతొలుచు పురుగును బాగుగా అణచినది. కొన్ని యేండ్లకు గులాబిరంగు పురుగు దానికి అలవాటు పడినది. బి.టి. వంకాయ విషయమున హైదరాబాదుతో సహా పలునగరములలో ప్రజల వాదము విని, 2010 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది.

మెరుగుపరచిన సాంబ మసూరికి ఇంకొక సుగుణము కలదు. అది సంకరజాతి విత్తనము కాదు; శుద్ధమైన వంగడము. రైతు తన పంటనుండియే మంచి వెన్నులు ఏరి మరుసటి ఏటికి విత్తనముగా దాచుకొనవచ్చును. 2001లో చేయబడిన రైతుల హక్కుల చట్టము ఈ వాడుకను కాపాడుచున్నది. విత్తనమునకై ప్రతి సంవత్సరము అంగడికి పోవలసిన పత్తిరైతును అడిగినచో దీని విలువ చెప్పును.

ఈ సాంబ మసూరితోనే ఇటీవల మరియొక ప్రయత్నము జరిగినది. గుర్తులతో ఏరుకొనుట గ్రంథమును చదువుట వంటిదైనచో, ఇది అక్షరమును దిద్దుట వంటిది. క్రిస్పర్ అను ఈ పద్ధతిని సూక్ష్మజీవుల నుండియే మానవుడు నేర్చినాడు. తమపై దాడిచేయు వైరసుల డి.ఎన్.ఏ.ను గుర్తించి కత్తిరించు కత్తెర వానిలో కలదు. ఆ కత్తెరను మనకు కావలసిన చోటికి పంపవచ్చునని 2012లో చూపిన ఎమ్మాన్యుయెల్ షార్పాంతియే, జెన్నిఫర్ డౌడ్నా అను ఇరువురు స్త్రీలకు 2020లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

వరి వెన్నులో గింజల సంఖ్యను పెంచు ఒక హార్మోను కలదు. దానిని విరిచివేయు ఎంజైమును తయారుచేయు జన్యువు వేరొకటి కలదు. రాజేంద్రనగరమున శాస్త్రజ్ఞులు సాంబ మసూరిలో ఈ రెండవ జన్యువును దిద్దిరి. విరుగుట తగ్గిన హార్మోను నిలిచియుండును, గింజలు పెరుగును. ఈ వంగడమునకు డి.ఆర్.ఆర్. ధాన్ 100 అనియు, కమల అనియు పేర్లు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ న్యూఢిల్లీలో దీనిని ప్రకటించిరి. పాత సాంబ మసూరి కంటె దిగుబడి 19 శాతము ఎక్కువయనియు, సుమారు 130 దినములలో, అనగా ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చుననియు నాడు తెలిపిరి. ఇరువది దినములు ముందుగా కోసినచో అన్ని దినముల నీరు మిగులును. దానితో పాటు, మారుటేరున పుట్టిన మన కాటన్‌దొర సన్నాలు వంగడమునే దిద్ది ఢిల్లీలో తయారుచేసిన మరియొక వరి కూడ అదేనాడు ప్రకటింపబడినది.

పరాయి జీవి యొక్క డి.ఎన్.ఏ. మిగులని ఇట్టి దిద్దుబాటులకు జన్యుమార్పిడి పంటల నిబంధనలలో కొన్ని వర్తింపవని 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ తెలిపినది. దీనిపై వాదము లేకపోలేదు. కమల పరీక్షల లెక్కలు ప్రకటనకు తగినట్లు లేవని కొన్ని సంఘములు 2025లో ఆక్షేపించినవి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆక్షేపణను త్రోసిపుచ్చినది. క్రిస్పర్ పద్ధతిపై విదేశములలో పేటెంటులు ఉన్నందున, రేపు విత్తనముపై పెత్తనము ఎవరిదగునని అడుగువారును కలరు. ఈ ప్రశ్నలు అడుగుట శాస్త్రద్రోహము కాదు. ఏ మడిలో ఎంత పండినదో బస్తాలెత్తి అందరి యెదుట కొలిచి చూపుట అడిగినవారికి చెప్పదగిన ఉత్తరము. మెరుగుపరచిన సాంబ మసూరి ఆ కొలతలన్నియు దాటి 2008లో పొలమునకు చేరినది. కమల కొలతలపై వాదమింకను తెగవలసి యున్నది.

కమలలో దిద్దినది గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువు. ఎండాకు తెగులు మాట వేరు. ఆ తెగులు సూక్ష్మజీవియు ఊరకుండునది కాదు. అందుచేత దేశమున పలు వరిసీమల నుండి ఎండిన ఆకులు తెప్పించి, వానిలోని సూక్ష్మజీవిని వేరుచేసి, ఏ జన్యువును అది జయించుచున్నదో, దేనికి లొంగుచున్నదో పరీక్షించుచుందురు. ఒక్కొక్క జన్యువు కలిగిన మొక్కలను వరుసలుగా నాటి, కత్తెరను ఆ నీటిలో ముంచి ఆకు కొనలు కత్తిరింతురు. పదునైదవ దినమున కొలబద్ద పట్టుకొని మడిలోనికి దిగుదురు.